బొగ్గు దిమ్మ మీద హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ టెస్టు: నాలుగు దిమ్మలు, నాలుగు రకాల ప్రెషర్లు, ఎందుకు?

నల్లదిమ్మ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇక్కడ మైనింగ్ వాళ్లు, జియాలజీ వాళ్లు ఉన్నారని ధైర్యం చేసి అడుగుతున్నా. నేను జార్ఖండ్‌లో పీహెచ్‌డీ మూడో ఏడు, మాది సత్తుపల్లి పక్కన పల్లెటూరు. బొగ్గు దిమ్మని మూడు దిక్కుల నుంచి జాకీలతో నొక్కిపెట్టి, మధ్యలో బొక్క వేసి, అందులోకి నీళ్లు పంపు చేసి పగలగొట్టి ఆ పగులు ఎటు పోయిందో చూడటం నా పని. బొగ్గుపొరలోంచి మీథేన్ తీసే సీబీఎం బావుల్లో చేసేదే, ల్యాబ్‌లో చిన్నగా చేస్తాం అంతే.

దిమ్మ 300 మిల్లీమీటర్ల ఘనం. 20 మిల్లీమీటర్ల బొక్క, అందులో స్టీలు పైపు పెట్టి ఎపాక్సీతో అతికిస్తా, కింద 40 మిల్లీమీటర్లు మాత్రం ఖాళీగా వదిలేస్తా, నీళ్ల ప్రెషర్ అక్కడే పడుతుంది. పైనుంచి 6 మెగాపాస్కల్స్ (ప్రెషర్ కొలత, కింద ప్రెషర్ అంకెలన్నీ ఇందులోనే), పక్కల నుంచి ఒకవైపు 5, ఇంకోవైపు 3. నిమిషానికి 20 మిల్లీలీటర్ల నీళ్లు, రంగు కలిపి.

పుస్తకం ఫార్ములా ప్రకారం పగలాల్సిన ప్రెషర్ అంటే, తక్కువ ఉన్న పక్క ఒత్తిడికి మూడు రెట్లలోంచి ఎక్కువ ఉన్న పక్క ఒత్తిడి తీసేసి, బొగ్గు తన్యబలం (లాగితే తెగే బలం) కలపాలి: 3×3 − 5 + తన్యబలం. మా బొగ్గుకి తన్యబలం సుమారు 1 వచ్చింది, అంటే 5 దగ్గర పగలాలి. నాకు వచ్చినవి చూడండి. మొదటిది 4.1, రెండోది 8.7, మూడోది 5.6, నాలుగోది అసలు పగల్లేదు, 3.4 దగ్గరికి వెళ్లి గ్రాఫ్ అలా అడ్డంగా పడుకుంది, పంపు ఎంతసేపు నడిపినా ఎక్కలేదు. మూడోది ఒక్కటే ఫార్ములాకి దగ్గరగా ఉంది. మా సార్ నాలుగోది ఫెయిల్ అని రాసి పక్కన పడేయమన్నారు, రెండోది కూడా తీసేయొచ్చు అన్నారు. నాలుగింట్లో రెండు తీసేస్తే ఇంక నా దగ్గర ఏం మిగులుతుంది చెప్పండి. నిద్ర పట్టట్లేదు నిజంగా.

పగులుబాట | సోమవారం, రాత్రి 10:25

తమ్ముడూ, ఏదీ తీసేయకు. ముందు ఒక్కటి చెప్పు, దిమ్మని ఫ్రేములో పెట్టేటప్పుడు క్లీట్లు ఎటువైపు ఉన్నాయో రాసుకున్నావా? నీ పోస్టులో 6, 5, 3 అన్నీ ఉన్నాయి కానీ ఆ సంగతి లేదు, నాకు అదే ముందు కనబడింది.

కొత్తవాళ్ల కోసం కొంచెం చెప్తా. బొగ్గు గ్రానైట్ లాగా ఒకే ముద్ద కాదు. అందులో పుట్టుకతో వచ్చిన నిలువు పగుళ్లు ఉంటాయి, వాటినే క్లీట్లు అంటాం. రెండు జట్లు ఉంటాయి. పొడుగ్గా, తెగకుండా పోయేవి ఫేస్ క్లీట్లు. వాటికి దాదాపు అడ్డంగా, చిన్నగా, ఫేస్ క్లీట్ తగలగానే ఆగిపోయేవి బట్ క్లీట్లు. చాలా బొగ్గుల్లో వీటి మధ్య దూరం ఒక సెంటీమీటరో రెండో, కొన్నిట్లో మిల్లీమీటర్లలోనే. అంటే నీ 20 మిల్లీమీటర్ల బొక్క ఏదో ఒక క్లీట్‌ని కోసుకునే పోతుంది, తప్పించుకోలేదు.

ఇక ఫార్ములా. 1957లో హబ్బర్ట్, విల్లిస్ అని ఇద్దరు పగులు ఎటు పోతుందో చూపించడానికి జెలటిన్ ముద్ద తీసుకుని, దాన్ని ఒకవైపు నొక్కి, లోపలికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ జావ ఎక్కించారు. ప్లాస్టర్ గట్టిపడ్డాక చూస్తే పగులు ఆకారం అచ్చు పోసినట్టు దొరికింది, ఎక్కడ నొక్కుడు తక్కువో దానికి అడ్డంగా తెరుచుకుంది. ఎంత సింపుల్ ప్రయోగమో చూడు, ఈ రోజుకీ మేం స్టూడెంట్లకి అదే చూపిస్తాం. నువ్వు వాడే ఫార్ములా వెనకున్న ఊహ కూడా జెలటిన్ లాంటి పదార్థమే, అంటే పగుళ్లు లేని, అన్ని వైపులా ఒకేలా ఉండే, నీళ్లు పీల్చని ముద్ద. బొగ్గుకి ఈ మూడూ లేవు. 1967లో హైమ్సన్, ఫెయిర్‌హర్స్ట్ ద్రవం రాతిలోకి ఇంకితే పగిలే ప్రెషర్ తగ్గుతుందని కూడా లెక్క కట్టారు.

నల్లదిమ్మ | సోమవారం, రాత్రి 10:50

అన్నా, రాసుకోలేదు. కటింగ్ మిషన్ దగ్గర ఆరు ముఖాల్లో ఏది బాగా చదునుగా వస్తే దాన్ని పైన పెట్టాను. పరుపు పొరలు (బొగ్గు పేరుకున్న పొరలు) అడ్డంగా ఉండేలా మాత్రం చూసుకున్నా. క్లీట్లు ఎటు తిరిగి ఉన్నాయో అప్పుడు పట్టించుకోలేదు.

బాయిపెద్దన్న | మంగళవారం, ఉదయం 6:15

నేను గోదావరిఖని, 34 ఏండ్లు బాయిల పనిజేసిన, ఆఖరికి ఓవర్‌మన్‌గా దిగిపోయిన. మీ ఫార్ములాలు నాకు తెల్వయి గని పగుళ్ల సంగతి తెలుసు బిడ్డా. మేం వాటిని స్లిప్పులనే అనేది. కొత్తగ పనికొచ్చినోనికి మొదలు నేర్పేది అదే, బొగ్గు ఎటు దిక్కు సులువుగ ఊడొస్తదో చూడు అని. ఒక దిక్కు పలుగు పెడితె పలక లెక్క లేసొస్తది, గదే బొగ్గును ఇంకో దిక్కునుంచి కొడితె ముక్కలు ముక్కలైతది తప్ప రాదు. పలక లెక్క లేసిన ముఖం నల్లగ అద్దం లెక్క మెరుస్తది, దీపం పెడితె కనవడతది. నువ్వు చూడాల్సింది గా మెరుపే.

ఇంకోటి, నీ దిమ్మ యాడికెల్లి తెచ్చినవ్? బ్లాస్టింగ్ చేసిన కాడ ఏరుకొచ్చిన దిమ్మ అయితె దాంట్ల మందు దెబ్బకు కొత్త పగుళ్లు పడ్డయి, అది నమ్మకు. సైడుకు చేత్తోటి తవ్వి తీయాలె. తీయకముందే, బాయిలనే, పెయింట్ తోటి పైదిక్కు ఒక గుర్తు, ఉత్తరం ఒక గుర్తు పెట్టుకోవాలె. పైకొచ్చినంక ఎవడు పెట్టినా అది ఉత్తరం కాదు.

నల్లదిమ్మ | మంగళవారం, ఉదయం 8:05

పెద్దన్నా, దండం. ఇంత వివరంగా నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. దిమ్మలు లారీలో వచ్చాయి, ఎక్కడ తీశారో కాగితం మీద పొర నంబరు మాత్రమే ఉంది.

శ్రావ్య_కోల్ | మంగళవారం, ఉదయం 11:30

నేనూ ఇదే పనిలో ఉన్నా, ఖరగ్‌పూర్ దగ్గర. దిమ్మ తయారీ గురించి నాలుగు ముక్కలు చెప్తా, ఎందుకంటే పేపర్లలో దీనికి ఒక్క లైను ఇస్తారు, 'నమూనాలు సిద్ధం చేయబడ్డాయి' అని. ఆ ఒక్క లైను నాకు పద్నాలుగు నెలలు.

బొగ్గు గనిలోంచి బయటికొచ్చిన క్షణం నుంచి ఆరిపోతూ ఉంటుంది. ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, కుంచించుకుపోయేకొద్దీ కొత్త నెర్రెలు వస్తాయి, ఎండాకాలం చెరువు మట్టి లాగే అన్నమాట. అందుకే గని ముఖం దగ్గరే తడిగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టేస్తాం, ఎక్కువ రోజులు పెట్టాల్సొస్తే మైనం పూస్తాం. కోయడానికి మామూలు రంపం బిళ్ల వేస్తే మూలలు రాలిపోతాయి, డైమండ్ వైర్ సా అయితే నెమ్మదిగా, అదురు లేకుండా కోస్తుంది. 300 ఘనం అంటే 36 కిలోల దాకా తూగుతుంది, ఇద్దరు కలిసి ఎత్తాలి, ఒక్క మూల నేలకి తగిలినా ఆ దిమ్మ పోయినట్టే. నాకు కోసిన పదింటిలో మూడు నిలబడితే ఆ నెల మంచి నెల.

మూలలు విరిగిన దిమ్మల చుట్టూ సిమెంట్ పోసి ఘనంగా చేస్తారు కొందరు. తప్పని కాదు కానీ సిమెంట్ బొగ్గుకంటే ఎన్నో రెట్లు బిగువు. నువ్వు బయట 3 పెడితే లోపల బొగ్గు మీద 3 పడుతుందని గ్యారంటీ లేదు, బిగువుగా ఉన్న చిప్ప బరువు మోసేస్తుంది. నీది సిమెంట్ చుట్టిందా, మొత్తం బొగ్గేనా?

నల్లదిమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

మొత్తం బొగ్గే అక్కా. ప్లేట్లకీ దిమ్మకీ మధ్య గ్రీజు పూసిన టెఫ్లాన్ షీట్లు వేశాను, రాపిడి తగ్గడానికి.

బోరుబండి_శీను | మంగళవారం, సాయంత్రం 4:20

మాది నల్గొండ సైడు, బోర్ల పని మాది. బోరులో నీళ్లు తగ్గితే హైడ్రో ఫ్రాక్చరింగ్ అని చేస్తారు కదా, రబ్బరు ప్యాకర్ దింపి కింద గట్టిగా నీళ్లు కొడతారు, తర్వాత కొన్ని బోర్లు మళ్లీ పోస్తాయి. ఇదీ అదీ ఒకటేనా?

పగులుబాట | మంగళవారం, సాయంత్రం 5:45

శీను గారూ, పునాది ఒకటే. మీ గ్రానైట్‌లో రాయి లోపల నీళ్లు ఉండవు, పగుళ్లలోనే ఉంటాయి, ఆ పగుళ్లు ఒండ్రుతో మూసుకుపోతే ప్రెషర్ కొట్టి కడిగి తెరుస్తారు. సీబీఎంలో నీళ్లతో పాటు ఇసుక కూడా పంపుతారు, ప్రెషర్ తీసేశాక పగులు మూసుకోకుండా ఆ ఇసుక మధ్యలో గూటం లాగా నిలబడాలి. బొగ్గు మెత్తన కాబట్టి కొన్నిచోట్ల ఇసుక గింజ గోడలోకి దిగబడిపోతుంది, అదో తలనొప్పి.

ఇంకో తేడా, గ్యాస్ చాలావరకు పగుళ్లలో ఉండదు, బొగ్గు సూక్ష్మరంధ్రాల గోడలకి అతుక్కుని ఉంటుంది. ముందు నీళ్లు తోడి ప్రెషర్ తగ్గిస్తే అది ఊడి, క్లీట్లలోకి వచ్చి, అక్కడి నుంచి మనం చేసిన పగుల్లోకి వస్తుంది. క్లీట్లు చిన్న కాలవలు, మన పగులు పెద్ద కాలవ. ఆ రెండూ కలవకపోతే బావి ఎండిపోయినట్టే. ఈ టెస్టులన్నీ చేసేది అందుకే.

ఇదే హైడ్రోఫ్రాక్‌ని భూమి లోపలి ఒత్తిడి కొలవడానికి కూడా వాడతారు. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు మన గ్రానైట్ బోర్లలోనే ఆ కొలతలు చేశారు.

బోరుబండి_శీను | మంగళవారం, సాయంత్రం 6:02

అర్థమైంది సార్. చిన్న కాలవ పెద్ద కాలవ అన్నారు చూడండి, అది బాగా తలకెక్కింది.

డెల్టావాసి | మంగళవారం, రాత్రి 8:30

ఈ పద్ధతుల వల్ల తాగునీళ్లు పాడవుతాయని అమెరికాలో గొడవలు జరిగాయి కదా. ల్యాబ్‌లో పగులు ఎటు పోయిందో చూసి సంతోషించేకంటే అది నీళ్ల పొరలోకి పోతే ఏంటన్నది ముందు చూడాలి. నేను వ్యతిరేకిని అని కాదు, మా ఊరి నీళ్లు నాకు ముఖ్యం.

పగులుబాట | మంగళవారం, రాత్రి 9:50

మీ ప్రశ్న చాలా న్యాయమైనది. బొగ్గుపొరలు షేల్ గ్యాస్ తీసే రాతిపొరల కంటే బాగా పైన ఉంటాయి కాబట్టి బొగ్గుకే ఇది ఎక్కువ వర్తిస్తుంది. అలబామాలో బొగ్గు బావుల ఫ్రాక్చరింగ్ మీద ఒక సంస్థ కోర్టుకి వెళ్తే 1997లో దీన్ని తాగునీటి చట్టం కింద నియంత్రించాల్సిందే అని తీర్పొచ్చింది. 2004లో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ బొగ్గు బావుల వల్ల ముప్పు తక్కువ అని రిపోర్టు ఇచ్చింది, దాని మీద చాలా విమర్శ వచ్చింది, 2005లో చట్టమే మార్చి డీజిల్ వాడితే తప్ప ఫ్రాక్చరింగ్‌ని ఆ నిబంధన నుంచి తప్పించారు. నా మటుకు నాకు అది తొందరపాటు.

పగులు నిజంగా ఎంతదూరం పోయిందో కళ్లతో చూసిన సందర్భాలు కూడా ఉన్నాయి. అమెరికా బ్యూరో ఆఫ్ మైన్స్ వాళ్లు ఫ్రాక్చరింగ్ చేసిన 22 చోట్ల తర్వాత గని తవ్వుకుంటూ వెళ్లి ఆ పగుళ్లని గోడలో చూశారు, 1987లో రిపోర్టు వచ్చింది. దాదాపు సగం చోట్ల పగులు బొగ్గు దాటి పైకప్పు రాతిలోకి వెళ్లింది, అలా వెళ్లినవి కూడా ఎక్కువగా ఆ రాతిలో ముందునుంచే ఉన్న జాయింట్లని (సహజమైన పగుళ్లని) పట్టుకునే వెళ్లాయి. పైకప్పు కూలిన దాఖలా లేదు. అంటే మీ భయానికి ఆధారం ఉంది, ఎక్కడ ఏ పగుళ్లు ఉన్నాయో ముందే తెలుసుకోవడమే దానికి మందు. తమ్ముడు ల్యాబ్‌లో చేస్తున్నది సరిగ్గా ఆ ప్రశ్నే, క్లీట్ తగిలినప్పుడు పగులు దాటుతుందా, పక్కకి తిరుగుతుందా అని.

డెల్టావాసి | మంగళవారం, రాత్రి 10:10

సగం అంటే తక్కువ కాదండీ. కానీ దాచకుండా చెప్పారు, థాంక్స్. ఫాలో అవుతా ఈ థ్రెడ్.

మటిక్కాయ | బుధవారం, ఉదయం 7:40

సబ్జెక్టుకి కొంచెం పక్కగా. ఫ్రాక్చరింగ్ నీళ్లు చిక్కగా చేయడానికి వాడే గ్వార్ గమ్ మన గోరుచిక్కుడు గింజల నుంచే వస్తుంది, మా ప్రకాశం వైపు మటిక్కాయ అంటాం, తెలంగాణలో గోకరకాయ. ప్రపంచంలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే పండుతుంది, 2012లో అమెరికా డిమాండ్‌కి రేటు ఆకాశానికి పోయింది. బొగ్గులో కూడా ఇదే వాడతారా?

శ్రావ్య_కోల్ | బుధవారం, ఉదయం 9:15

వాడారు, కానీ బొగ్గుకి అది అంతగా పడదు. గ్వార్ జిగురు బొగ్గు రంధ్రాల్లో అతుక్కుపోయి మళ్లీ బయటికి రాదు, క్లీట్లు మూసుకుపోతాయి. 1991లోనే ల్యాబ్‌లో బొగ్గు ముక్కల్లోంచి జెల్ పంపి, తర్వాత కడిగినా దారులు పూర్తిగా తెరుచుకోలేదని తేల్చారు. అందుకే చాలాచోట్ల ఉత్త నీళ్లు లేదా నైట్రోజన్ నురగ వాడతారు. నీళ్లతో చిక్కేంటంటే చాలా పల్చన, క్లీట్లలోకి ఇంకిపోతుంది.

పగులుబాట | బుధవారం, ఉదయం 11:00

శ్రావ్య గారు చెప్పిన చిక్కు దగ్గరే తమ్ముడికి ఇంకో మాట. నెదర్లాండ్స్ డెల్ఫ్ట్‌లో 2000 ప్రాంతంలో పగుళ్లున్న దిమ్మల మీద టెస్టులు చేసి, పంపు స్పీడుని ద్రవం చిక్కదనంతో గుణిస్తే వచ్చేదే అసలు తాళంచెవి అని చూపించారు. ఆ లబ్ధం ఎక్కువైతే పగులు పాత పగుళ్లని లెక్కచేయకుండా నేరుగా పోతుంది. తక్కువైతే ద్రవం పాత పగుళ్లలోకి నింపాదిగా ఇంకుతుంది, కొత్త పగులు అంటూ సరిగ్గా పుట్టదు. చైనాలో ఫాన్, ఝాంగ్ 2014లో నిలువు అడ్డం పగుళ్లున్న కృత్రిమ దిమ్మలతో చేసి ఇంచుమించు అదే దారిలో తేల్చారు. నీది ఉత్త నీళ్లు, నిమిషానికి 20 మిల్లీలీటర్లు. దానికి బదులు గ్లిజరిన్ వాడితే, అది 20 డిగ్రీల దగ్గర నీళ్లకంటే దాదాపు 1400 రెట్లు చిక్కన. గది వేడి 30కి పోతే ఆ చిక్కదనం సగానికి పైగా పడిపోతుంది, కాబట్టి థర్మామీటర్ పక్కన పెట్టుకో.

నాలుగో దిమ్మ ఇంకా ఉందా? ఉంటే కొయ్యి. గ్రాఫ్‌ని ఎంతసేపు చూసినా అది నోరు విప్పదు, దిమ్మ కోస్తేనే తెలుస్తుంది.

సిమెంట్‌మిక్స్ | బుధవారం, మధ్యాహ్నం 2:30

నేను ఒప్పుకోను. అసలు బొగ్గుతో చేస్తే ఏ రెండు దిమ్మలూ ఒకేలా ఉండవు, ఇంక ఏది దేనివల్ల మారిందో ఎలా చెప్తారు? బొగ్గు పొడి, సిమెంట్, జిప్సం కలిపి పోత పోస్తే పది దిమ్మలు ఒకే బలంతో వస్తాయి, మధ్యలో పల్చటి కాగితాలు పెడితే మనకి కావాల్సిన కోణంలో క్లీట్లు కూడా వస్తాయి. ఒక్కొక్కటి మార్చి చూడొచ్చు. సైన్స్ అంటే అదే కదా.

శ్రావ్య_కోల్ | బుధవారం, మధ్యాహ్నం 3:05

మీరు చెప్పే పద్ధతి నేనూ చేశాను, పనికొస్తుంది కూడా. కానీ పోత దిమ్మలో బట్ క్లీట్ ఫేస్ క్లీట్ దగ్గర ఆగిపోవడం ఉండదు, రంధ్రాలు ఉండవు, మెరిసే పొర మెరవని పొర తేడా ఉండదు. మీరు పెట్టిన ప్రశ్నకే అది జవాబిస్తుంది, మీకు తట్టని ప్రశ్న అది అడగదు. అసలు బొగ్గు అడుగుతుంది.

సిమెంట్‌మిక్స్ | బుధవారం, మధ్యాహ్నం 3:40

ఆ చివరి మాట ఒప్పుకుంటా. కానీ పోత దిమ్మలు లేకుండా అసలు బొగ్గు ఏం చెప్తోందో చదవడం రాదు అనేది కూడా మీరు ఒప్పుకోవాలి.

శ్రావ్య_కోల్ | బుధవారం, మధ్యాహ్నం 3:44

ఒప్పుకున్నా. రెండూ కావాలి.

నల్లదిమ్మ | శుక్రవారం, రాత్రి 11:20

కోశాను. నాలుగోదాన్ని. ఇప్పుడే గదికొచ్చా, చేతులు ఇంకా నల్లగానే ఉన్నాయి, ఆగలేక రాస్తున్నా.

వైర్ సాతో అడ్డంగా ఏడు పలకలు తీశాం. నీళ్లలో ఫ్లోరసెంట్ రంగు కలిపాను కదా, ల్యాబ్ లైట్లు ఆపేసి యూవీ లైటు వేశాను. నేను అనుకున్నది రంగు బొక్క చుట్టూ మచ్చలాగా ఉంటుందని. కాదు. బొక్క మధ్యలోంచి రెండు వైపులా ఒకే ఒక్క పచ్చటి గీత, స్కేలు పెట్టి గీసినట్టు, ఒకవైపు దిమ్మ అంచుకి రెండు వేళ్ల దూరం దాకా పోయింది. ఇంకోవైపు సగం దూరంలో చిన్న మెట్టులాగా పక్కకి జరిగి మళ్లీ అదే దిక్కులో సాగింది, ఆ మెట్టు దగ్గర బట్ క్లీట్ ఉంది, చేత్తో తాకితే తెలుస్తోంది. కింది పలకలో అదే గీత, అదే చోట. ఏడు పలకల్లో అయిదింట్లో ఉంది. పెద్దన్న చెప్పినట్టు ఆ గీత వెంబడి ఉలి పెట్టి మెల్లగా తడితే పలక రెండుగా విడిపోయింది, లోపల ముఖం అద్దంలా మెరుస్తోంది. ఫేస్ క్లీట్ అది.

అది ఏ దిక్కులో ఉందో తెలుసా, 3 మెగాపాస్కల్స్ నొక్కే ముఖానికి ఎదురుగా. అంటే ఆ క్లీట్‌ని మూసిపెట్టేది 3 మాత్రమే. నీళ్లు 3 దాటగానే అది తెరుచుకుంది, ఇంకొంచెం రాపిడికి పోయి 3.4 దగ్గర నిలబడింది. కొత్తగా పగలాల్సిన అవసరమే లేనప్పుడు గ్రాఫ్‌లో శిఖరం ఎందుకుంటుంది? ఫెయిల్ అని రాసిన టెస్టు, నాలుగింట్లో అన్నిటికంటే శుభ్రంగా జరిగిన టెస్టు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

పగులుబాట | శుక్రవారం, రాత్రి 11:48

శభాష్ తమ్ముడూ. మిగతా మూడూ కొయ్యి. కోసే ముందు ఒక్కోదానికి క్లీట్ ఎంత కోణంలో ఉంటుందో లెక్కేసి ఇక్కడ రాసిపెట్టు. లెక్క సింపుల్, క్లీట్ 3 ముఖానికి ఎదురుగా ఉంటే మూతబలం 3, 5 ముఖానికి ఎదురుగా ఉంటే 5, సరిగ్గా మధ్యలో 45 డిగ్రీలు ఉంటే 4.

నల్లదిమ్మ | శనివారం, ఉదయం 7:30

రాసిపెడుతున్నా. మొదటిది 4.1 కాబట్టి క్లీట్లు ఏటవాలుగా, 45కి దగ్గర్లో ఉండాలి. మూడోది 5.6 కాబట్టి 5 ముఖానికి ఎదురుగా ఉండాలి. రెండోది 8.7, దానికి నా దగ్గర జవాబు లేదు.

బాయిపెద్దన్న | శనివారం, ఉదయం 8:10

మంచిగ జేస్తున్నవ్ బిడ్డా. మూతికి గుడ్డ కట్టుకోని కొయ్యి, బొగ్గు నుసి ఛాతిల వడితె ఎట్లుంటదో నాకెరుక.

నల్లదిమ్మ | ఆదివారం, రాత్రి 8:00

మూడూ అయిపోయాయి. తడిపి కోశాను పెద్దన్నా, మాస్కు కూడా పెట్టుకున్నా.

మొదటిది: క్లీట్లు కర్ణం దిక్కులో, కొలిస్తే 40 నుంచి 48 డిగ్రీల మధ్య. రంగు వాటి వెంబడే పోయింది.

మూడోది: 5 ముఖానికి దాదాపు ఎదురుగా. నేనూ మా సార్ ఫార్ములాకి సరిపోయిందని సంబరపడిన దిమ్మ ఇది. ఫార్ములా 5 అంది, క్లీట్ మూతబలం కూడా 5, రెండూ కాకతాళీయంగా ఒకచోట పడ్డాయి. నేను 3, 5 కాకుండా వేరే ఒత్తిళ్లు ఎంచుకుని ఉంటే ఈ దిమ్మ కూడా తప్పు అని తీసేసేవాళ్లం. ఇది నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది.

రెండోది: ఇక్కడ తప్పు నాదే. ఎపాక్సీ పైపు పక్కల నుంచి కిందికి జారి, ఖాళీగా ఉండాల్సిన 40 మిల్లీమీటర్లలో ముప్పావు వంతు గోడకి పూత పట్టింది. క్లీట్ల నోళ్లలోకి కూడా దిగి వాటిని సీలు వేసింది. నీళ్లకి క్లీట్ దొరకలేదు, ప్రెషర్ ఎక్కీ ఎక్కీ 8.7 దగ్గర జిగురుతో సహా చీలింది. అంటే అది ఒక్కటి తీసేయాల్సిందే, కానీ ఎందుకు తీసేస్తున్నానో రాసి తీసేస్తాను.

శ్రావ్య_కోల్ | ఆదివారం, రాత్రి 8:35

ఎపాక్సీ జారకుండా ఒక చిట్కా. పైపు చివర రబ్బరు ఓ-రింగు వేసి, ఖాళీ భాగంలో ఉప్పు నింపి అప్పుడు అతికించు. జిగురు గట్టిపడ్డాక నీళ్లు పోస్తే ఉప్పు కరిగిపోతుంది, గోడ శుభ్రంగా మిగులుతుంది. కాకపోతే రెండు మూడుసార్లు కడగాలి. పంపు గొట్టంలో గాలి బుడగ లేకుండా కూడా చూసుకో, బుడగ ఉంటే అది స్ప్రింగులా నొక్కుకుని, పగలగానే ఒక్కసారి నీళ్లని తోసేస్తుంది, అప్పుడు పగులు నీ పంపు స్పీడుతో కాకుండా దాని స్పీడుతో పోతుంది.

గోఫ్‌దారి | ఆదివారం, రాత్రి 9:20

ఇప్పుడే మొత్తం చదివా. నేను ఆస్ట్రేలియా క్వీన్స్‌ల్యాండ్‌లో లాంగ్‌వాల్ గనిలో (పొడవాటి గోడ వెంబడి మిషన్‌తో బొగ్గు కోసే గని) పనిచేస్తా. ఇక్కడ కూడా బావిలోంచి ఫ్రాక్చరింగ్ చేసి తర్వాత తవ్వి చూసిన చోట్లున్నాయి. బొగ్గులో నిలువుగా లేచిన పగులు పైకప్పు తగలగానే, బొగ్గుకీ రాతికీ మధ్య సందులోకి అడ్డంగా పరుచుకోవడం కనబడింది, ఇంగ్లీషు టీ అక్షరం లాగా. నీ 300 దిమ్మలో పైకప్పు లేదు కాబట్టి ఇది కనబడదు. ఎప్పుడైనా బొగ్గు మీద ఇసుకరాయి పలక పెట్టి చేసి చూడు.

ఇంకో వాడకం కూడా చెప్పాలి. న్యూ సౌత్ వేల్స్ మూనీ గనిలో పైకప్పు గట్టి రాయి, వెనక గోఫ్‌లో, అంటే బొగ్గు తీసేసిన ఖాళీలో, అది కూలకుండా వేలాడి ఒక్కసారిగా పడేది, ఆ గాలి దెబ్బ మనుషుల్ని విసిరేసేది. 1990ల చివర్లో పైకప్పులోకి నీళ్లు కొట్టి, మనుషులు పక్కకి తప్పుకున్నాక కావాలని కూల్చడం మొదలుపెట్టారు. గ్యాస్ కోసమే కాదు, మనిషి ప్రాణం కోసం కూడా ఈ విద్య పనికొస్తుంది.

బాయిపెద్దన్న | ఆదివారం, రాత్రి 9:45

గా గాలి దెబ్బ సంగతి నాకు ఎరుకే తమ్మీ. గోఫు పడ్డప్పుడు చెవులు గుయ్యిమంటయి, దీపం కనవడది. ముందుగాల చెప్పి కూల్చుడు అన్నది మా కాలంల ఉంటె బాగుండు.

నల్లదిమ్మ | 19 రోజుల తర్వాత, శుక్రవారం, సాయంత్రం 6:30

కొత్త దిమ్మలు రెండు వచ్చాయి. ఈసారి నేనే గనిలోకి దిగాను. బ్లాస్టింగ్ లేని సైడులో ఇద్దరు కార్మికులు పలుగుతో గంటన్నర కష్టపడి తీశారు, పసుపు పెయింట్‌తో పైదిక్కు, ఉత్తరం గుర్తులు అక్కడే పెట్టాం. ఫేస్ క్లీట్ ఎటుందో వాళ్లు నాకంటే ముందే చేత్తో చూపించారు.

మా సార్‌కి నాలుగు దిమ్మల పలకలూ టేబుల్ మీద పరిచి లైటు వేసి చూపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత నాలుగో దిమ్మ పలకని చేతిలోకి తీసుకుని దీన్ని థీసిస్‌లో మొదటి ఫోటోగా పెట్టు అన్నారు.

ఇవాళ మొదటి కొత్త దిమ్మ టెస్టు అయింది. కావాలనే ఫేస్ క్లీట్‌ని 5 ముఖానికి ఎదురుగా తిప్పి పెట్టా. ఒత్తిళ్లు పాతవే, నీళ్లే, ఉప్పు చిట్కాతో గోడ శుభ్రం. టెస్టుకి ముందు నోట్‌బుక్కులో 5 కొంచెం పైన తెరుచుకుంటుంది అని రాసి సంతకం పెట్టించా. 5.2 దగ్గర తెరుచుకుంది. కానీ అక్కడ ఆగలేదు, పన్నెండు సెకన్లు నిలబడి మెల్లగా 3.6కి దిగి అక్కడ స్థిరపడింది. ఇది నేను రాయలేదు.

పగులుబాట | శుక్రవారం, సాయంత్రం 7:05

ఫేస్ క్లీట్ 5 ముఖానికి ఎదురుగా ఉంటే, బట్ క్లీట్లు ఎటు ఉంటాయి?

నల్లదిమ్మ | శుక్రవారం, సాయంత్రం 7:09

3 ముఖానికి ఎదురుగా. అన్నా, అంటే ముందు ఫేస్ క్లీట్‌లో కొంతదూరం పోయి, దారిలో తగిలిన బట్ క్లీట్‌లోకి మళ్లిపోయిందా?

పగులుబాట | శుక్రవారం, సాయంత్రం 7:12

కోసి చూడు.

నల్లదిమ్మ | శుక్రవారం, సాయంత్రం 7:15

సోమవారం పొద్దున వైర్ సా ఖాళీ. దిమ్మని తడిగుడ్డలో చుట్టి ప్లాస్టిక్ వేసి పెట్టాను, పసుపు గుర్తు పైకి కనబడేలా.